మంచం మీద ఫొటో

నాన్నకు స్టెంటు వెయ్యాలన్నారు. తెల్లకార్డు ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది, ఇంకేం దిగులని వెళ్లి చేరాం. ఆసుపత్రి పేరు చెప్పను, వచ్చే నెల చెకప్‌కి మళ్లీ అక్కడికే పోవాలి.

డాక్టరు ఒక్కరే, దారులు రెండు. క్యాష్ వాళ్లకు ఏసీ, మెషీన్ కాఫీ, ‘సార్, కూర్చోండి’. మాకు టోకెను, ‘బాబాయ్, పక్కకు జరుగు’. 2007లో రాజశేఖరరెడ్డి హయాంలో మొదలైన పథకం ఇది. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. పరిమితి రెట్టింపైంది గానీ మా వార్డులో ఫ్యాన్లు మాత్రం ఆ రెండే. అందులో ఒకటి తిరగదు.

అనుమతి రావాలంటే పేషెంటును మంచం మీద ఉండగా ఫొటో తీసి పైకి పంపాలట. తెల్లవారుజామున నాన్న బాత్రూమ్‌కి వెళ్లాడు. రాత్రంతా స్టూలు మీద కూర్చున్న నడుము నాది. ఖాళీ మంచం కనిపిస్తే మనసాగలేదు. చలేసి నాన్న మఫ్లరు కూడా చుట్టుకున్నాను.

‘పెదనాన్నా, ఇటు చూడు.’

నాకు నలభై ఒకటి. ఆ మాట తర్వాత తేల్చుకుందాం. ఆధార్ సెంటర్లు, మీసేవల చుట్టూ తిరిగి తిరిగి అరిగిన ఒళ్లు కదా, ‘ఇటు చూడు’ అంటే చాలు, నిద్రలోనైనా గడ్డం దానంతటదే లేస్తుంది. లేచింది. ఒక కన్ను మూత, నోరు బార్లా. క్లిక్. నేను లేచేసరికి ఫొటో తీసిన కుర్రాడు లేడు, మంచం పక్కన నాన్న చాయ్ తాగుతూ నిలబడి ఉన్నాడు, నాకంటే హుషారుగా.

మధ్యాహ్నం పైనుంచి కొర్రీ వచ్చింది: ఫొటో, కార్డు సరిపోలడం లేదు. ఆసుపత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ‘అసలు పేషెంటెవరన్నా?’ అన్నాడు.

పక్క కౌంటరమ్మాయి మెల్లగా చెప్పింది: ‘క్యాష్ అయితే ఈ ఫొటోలేం ఉండవు సార్, సాయంత్రానికే స్టెంటు వేసేస్తారు.’ రెండు రోజుల్లో మొదటి ‘సార్’! ఎంతవుతుందని అడిగాను. చెప్పింది. అప్పుడు నిజంగానే నాకా మంచం కావాల్సొచ్చింది.

రెండో ఫొటోకి నాన్న గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, నవ్వుతూ పడుకున్నాడు.

‘నవ్వకు తాతా, జబ్బున్నట్టే లేవు’ అన్నాడు కుర్రాడు.

నాన్న నావైపు చెయ్యి చూపించి, ‘దానికి వాడున్నాడుగా’ అన్నాడు.