డాట్ ఇన్ గారికి విన్నపం

మహారాజశ్రీ డాట్ ఇన్ గారి సముఖమునకు,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, మా పిన్ని వెబ్‌సైటు తప్ప. ఈ దేశం గుర్తుతో ఎవరు వెబ్ అడ్రసు పెట్టుకోవాలన్నా చివర '.in' అని తమరి పేరు తగిలించుకోవాల్సిందే కాబట్టి, ఇంటి పెద్దకు చెప్పుకున్నట్టు తమరికే చెప్పుకుంటున్నాను.

మా పిన్నిది వేటపాలెం. జీడిపప్పు వ్యాపారం. రెండేళ్ల కిందట ఫోన్లో ఏదో ప్రకటన చూసింది. మొదటి ఏడాది 99 రూపాయలకే సొంత వెబ్ అడ్రసు అట. వెంటనే నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, చీరకు ఫాల్ కుట్టించినా ఇంతకంటే ఎక్కువే అవుతోంది. కొనెయ్" అంది. సరే అని కూర్చున్నాను.

కూర్చున్నాక తెలిసింది, 'వేటపాలెం జీడిపప్పు' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం జీడిగింజ ఒలవడం కంటే కష్టమని. 'జీ'కి ఒక ఐ చాలా, రెండు ఈలు కావాలా? 'వే'లో ఈ ఒకటా రెండా? 'పా'కు ఏ ఒకటా రెండా? మూడు చోట్ల రెండేసి రకాలు, మొత్తం ఎనిమిది స్పెల్లింగులు. ఎనిమిదీ కొనేద్దాం అన్నాను. బాబాయి ఒప్పుకోలేదు. ఒక్క అక్షరానికి అంత భయమెందుకు అంటారేమో. సత్యం ఇన్ఫోవే అనే ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల 'సిఫీనెట్'కు పోటీగా ఎవరో ఒక ఎఫ్ ఎక్కువేసి 'సిఫ్ఫీనెట్' పెట్టుకుంటే, ఆ ద్విత్వం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2004లో తీర్పు తెచ్చుకోవాల్సి వచ్చింది. వాళ్లకు లాయర్లున్నారు. మా పిన్నికి ఉన్నది నేను.

తర్వాత కేవైసీ. మాకు పేరు అమ్మిన కంపెనీ ఫారంలో ఫస్ట్ నేమ్ ఒక గడి, లాస్ట్ నేమ్ ఒక గడి. పిన్ని ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, పాన్‌లో వెనకుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క పొడి అక్షరం మాత్రం ఉంది. మూడుసార్లు తిప్పి పంపారు. "పెళ్లయినప్పుడు కూడా నా ఇంటిపేరు గురించి ఇన్ని ప్రశ్నలు ఎవరూ అడగలేదురా" అంది పిన్ని. పోనీ వివరాలు బయటికి కనపడకుండా ముసుగు సేవ ఏదైనా తీసుకుందామా అంటే, అవి తమరి దగ్గర చెల్లవట. మంచిదే లెండి, జీడిపప్పు అమ్మేవాళ్లకు ముసుగెందుకు?

రెండో ఏడాది అదే పేరుకు ఎనిమిది వందల పైచిలుకు అడిగారు. అడిగిన మెయిల్ పిన్ని ఎప్పుడో పాస్‌వర్డ్ మర్చిపోయిన అడ్రసుకు వెళ్లింది. గడువు దాటింది. ఇప్పుడు ఆ అడ్రసు కొడితే ఆన్‌లైన్ రమ్మీ వస్తోంది. మొన్న చీరాలలో ఓ పెళ్లిలో ఎవరో పలకరించారట, "వదినగారూ, పేకాట పెట్టారటగా, బాగుందా?" అని. పిన్ని భోజనం చేయకుండా వచ్చేసింది.

నాకు అర్థం కానిది ఇదే. పిన్ని ఇంటిపేరు ముందా వెనకా అని మూడుసార్లు గుచ్చి గుచ్చి అడిగిన వ్యవస్థ, జీడిపప్పు పేరుతో పేకాట పెట్టినవాణ్ని ఏం అడిగింది?

ఫిర్యాదుకు దారి ఉందని తెలుసు. తమరికో వివాద పరిష్కార విధానం ఉంది, మధ్యవర్తి ఉంటారు. ఆ పేరు మన హక్కున్న పేరులాగే ఉందని, అవతలివాడికి దాని మీద ఏ హక్కూ లేదని, దురుద్దేశంతో తీసుకున్నాడని గానీ వాడుతున్నాడని గానీ, మూడూ రుజువు చేయాలి. పిన్నికి మొదటి మెట్టు దగ్గరే కాలు జారింది. వేటపాలెం ఊరి పేరు, జీడిపప్పు గింజ పేరు. ఆవిడ సొంతమని చెప్పుకోవడానికి రెంటికీ మధ్య ఖాళీ ఒక్కటే మిగిలింది, అడ్రసులో దాన్ని కూడా ఉండనివ్వరు.

ఒకప్పుడు తమరు ఇలా ఉండేవారు కాదని పెద్దలంటారు. 1989లో పుట్టి, ముంబైలో ఒక ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ కేంద్రం చేతుల్లో పెరుగుతున్న రోజుల్లో మహా మడి. కాగితాలు, అర్హతలు, ఆధారాలు. 2004 దాకా మొత్తం ఏడు వేల పేర్లకు అటూ ఇటూగా ఇచ్చారు. మనవాళ్లు విసిగిపోయి డాట్ కామ్ దగ్గరికి వెళ్లిపోయారు. 2005 ఫిబ్రవరిలో, తమరి బాగోగులు చూసే నిక్సీ అనే సంస్థ హయాంలో తలుపులు బార్లా తెరిచారు. ఏ దేశం వాడైనా రావచ్చు. కెనడా డాట్ సీఏ, ఆస్ట్రేలియా డాట్ ఏయూ నీకు మా దేశంతో ఏం సంబంధం అని ఇప్పటికీ అడుగుతాయి. తమరు అడగడం మానేశారు. పేర్లు 30 లక్షలు ఎప్పుడో దాటాయి. సంతోషం. మడి కట్టుకున్నప్పుడూ మా పిన్నికి చోటు లేదు, మడి విప్పాక చోటు దొరికినా నిలవలేదు.

(పాపం, తమరినే అనడం న్యాయం కాదు. మాదాపూర్‌లో కృత్రిమ మేధ అని బోర్డు పెట్టిన కుర్రాళ్లు డాట్ ఏఐ కోసం ఎగబడుతున్నారు. అది ఇరవై వేల మంది కూడా లేని ఆంగ్విల్లా అనే ద్వీపం సొత్తు. 2023లో పేర్లమ్ముకునే ఆ ద్వీపం దాదాపు 3.2 కోట్ల డాలర్లు సంపాదించింది. తమరి పేరుకు అలాంటి అదృష్టం లేదు. 'లోపల' అని అర్థం, అంతే.)

ఆ లోపలికి ఎవరొచ్చారో చూడండి. 2023లో ఈ-చలాన్ మెసేజ్‌ల గురించి పోలీసులు హెచ్చరించారు. అసలు అడ్రసులో పరివాహన్ తర్వాత డాట్ గవ్ డాట్ ఇన్ ఉంటుంది, నకిలీదాంట్లో 'గవ్' ఉండదు, పరివాహన్ డాట్ ఇన్ అనే ఉంటుంది. హెల్మెట్ లేదని ఫైన్ పడిందేమో అన్న టెన్షన్‌లో ఉన్నవాడు చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడా? చుక్కలు కనిపించేది ఖాతా ఖాళీ అయ్యాకే.

దీనికి తమరి ఇంట్లో కనిపెట్టిన మందు, వీధి గుమ్మం బాగుచేయకుండా లోపల మరో గది కట్టడం. బ్యాంకులన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌లోకి మారాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించి, అక్టోబరు 31 దాకా గడువిచ్చింది. ఆ గది తాళంచెవి మన హైదరాబాద్‌లో రిజర్వు బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ చేతిలో ఉంది, బ్యాంకు అయితేనే తీస్తారు. చాలా మంచి పని, వెటకారం లేకుండా అంటున్నాను. బ్యాంకు కాని రుణాల కంపెనీలకు డాట్ ఫిన్ డాట్ ఇన్ అని ఇంకో గది కూడా అన్నారు. వరసలో జీడిపప్పుకు గది ఎప్పుడొస్తుందో కాస్త చెప్పండి, పిన్నికి చెబుతాను.

ఇంగ్లీషు స్పెల్లింగుల బాధ పడలేక, ఈసారి తెలుగులోనే తీసుకుందాం అన్నాను. తెలుగులో వేటపాలెం జీడిపప్పుకు స్పెల్లింగు ఒక్కటే, ఎనిమిది లేవు. చివర డాట్ భారత్. 2011లో అనుమతి వచ్చిన ఏడు లిపుల్లో మనదీ ఉంది, గర్వంగానే ఉంది. కానీ తమిళులు తమ మాట 'ఇందియా' పెట్టుకున్నారు, మలయాళీలు ముచ్చటగా 'భారతం' అన్నారు. అచ్చుతో ముగిస్తే గానీ నోరు ఊరుకోని మనకేమో త కింద పొల్లు పెట్టిన 'భారత్' వచ్చింది. ఎవరు ఎంచారో గానీ, ఆ పొల్లు ఫోన్లో ఎక్కడుందో వెతకడానికి పిన్నికి ఒక పూట పట్టింది. 'భారతం' అని ఇస్తే పద్దెనిమిది పర్వాల ఫారం నింపాలేమో అని భయపడి వదిలేశారు కాబోలు.

పేరు కొన్నాం. మెసేజ్‌లో పెడితే నీలంగా మారలేదు, నొక్కితే కదల్లేదు. పార్సిల్ కంపెనీ ఫారంలో రాస్తే "సరైన అడ్రసు ఇవ్వండి" అంది. కంప్యూటర్లో ఒకచోట తెరిస్తే, మన 'భారత్' మాయమై ఆ చోట 'ఎక్స్ ఎన్ హైఫన్ హైఫన్ ఎఫ్ పీ సీ ఆర్ జే 9 సీ 3 డీ' అని కనిపించింది. లోపల యంత్రాలు పిలుచుకునే పేరు అదేనట. పిన్ని కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "ఇది గ్యాస్ కనెక్షన్ నంబరులా ఉందిరా" అంది.

ప్రస్తుతానికి డబ్బాల మీద ఫోన్ నంబరు అచ్చు వేయించాం.

ఇట్లు,
తమ విధేయుడు
(ఇంటిపేరు ఏ గడిలో రాయాలో ఇంకా తేలలేదు)

తా.క.: ఈ ఉత్తరం రాస్తుండగానే పిన్నికి మెయిల్ వచ్చింది. రమ్మీ పేరు అమ్మకానికి ఉందట, 85,000 అట. పిన్ని జవాబు నా చేత టైపు చేయించింది: "రెండు కిలోలు గుండు పప్పు పంపుతాను, నా పేరు నాకిచ్చెయ్." వాడు రవాణా ఖర్చు ఎవరిది అని అడిగాడు. బేరం నడుస్తోంది.