లారీ బేకర్‌ది ‘స్టైల్’ కాదు

కాంక్రీటు ఫ్రేము నిలబెట్టి, గోడకు సిమెంటుతో ప్లాస్టరింగ్ చేసి, దాని మీద అంగుళం మందం కూడా లేని ఇటుక రంగు టైల్స్ అంటించి ‘లారీ బేకర్ స్టైల్’ అనడం దయచేసి ఆపండి. బేకర్ అంటే ఇంగ్లండ్‌లో పుట్టి, కేరళలో పూత లేని ఇటుకతో చవక ఇళ్ళు కట్టిన ఆర్కిటెక్ట్. హైదరాబాద్ శివార్లలో ఫామ్‌హౌస్‌లు, కాఫీ షాపులు, రిసార్టులు ఎక్కడ చూసినా ఇదే వరస. ఎలివేషన్ చూస్తే మట్టివాసన, లోపల పొద్దస్తమానం ఏసీలు. అందంగా లేదని కాదు నా కోపం. ఆ మనిషి ఇటుకకు పూత వద్దనడం వెనక ఒక మతవిశ్వాసం ఉంది. మనం విశ్వాసాన్ని వదిలేసి రంగు మాత్రం తెచ్చుకున్నాం.

బేకర్ క్వేకర్, అంటే పూజారులు లేని ఒక క్రైస్తవ శాఖవారు. ఆయన గురించి నేను చదివిన వ్యాసాల్లో చాలావాటిలో ఈ సంగతి ఒక్క వాక్యంతో అయిపోతుంది, తర్వాత అంతా చవక ఇళ్ళ గురించే. 1917లో బర్మింగ్‌హామ్‌లో మెథడిస్టు కుటుంబంలో పుట్టి, కుర్రతనంలోనే తనంతట తాను క్వేకర్లలో చేరారు. అది తెలియకుండా ఆయన గోడలు అర్థం కావని నా గట్టి అభిప్రాయం.

క్వేకర్లు 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో జార్జ్ ఫాక్స్ మాటలు విని కూడినవాళ్ళు. ప్రతి మనిషిలోనూ దైవాంశ ఉంది కాబట్టి మధ్యలో పూజారి అక్కర్లేదన్నారు. వాళ్ళ పాత పద్ధతి ఆరాధనలో బలిపీఠం లేదు, పాట లేదు, ప్రసంగం లేదు. అందరూ కలిసి మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపలినుంచి మాట పుడితే లేచి చెప్పి కూర్చుంటారు. నిర్ణయాలకు ఓటింగ్ కూడా ఉండదు. నిజం చెప్పడం దగ్గర వాళ్ళ పట్టుదల చూడండి: కోర్టులో ప్రమాణం చేయమంటే చేయలేదు. ప్రమాణం చేస్తేనే నిజం చెబుతామన్న అర్థం వస్తుందని. అందుకు జైళ్ళకు వెళ్ళారు. అంగళ్ళలో బేరం లేకుండా ఒకే ధర చెప్పారు. ముందు ఎక్కువ చెప్పి తర్వాత తగ్గించడం కూడా అబద్ధమేనని.

ఇక్కడినుంచి పర్యావరణానికి దారి ఎలా వచ్చిందో చూడాలంటే జాన్ వూల్‌మన్ దగ్గర ఆగాలి. అమెరికాలోని న్యూజెర్సీలో దర్జీ, వ్యాపారి. వ్యాపారం బాగా పెరుగుతుంటే, ఇంత అక్కర్లేదని తనే తగ్గించుకున్నాడు. బానిసల చెమటతో తయారవుతుందని చక్కెర మానేశాడు. రంగు వేయని బట్టలే కట్టాడు. బట్టలకు రంగు వేసేది కొంత కంటికి ఇంపుగా ఉండటానికి, కొంత మురికి కనబడకుండా ఉండటానికి అని ఆయన రాసుకున్నాడు. శుభ్రంగా ఉండాలి తప్ప మురికిని దాచకూడదట. 1772లో ఇంగ్లండ్ వెళ్ళినప్పుడు, గుర్రాలనూ బండ్ల మీది కుర్రాళ్ళనూ చచ్చేలా తోలుతున్నారని గుర్రపు బండి ఎక్కకుండా లండన్ నుంచి యార్క్ దాకా నడిచాడు. అక్కడే మశూచితో పోయాడు. ఇప్పటి మన ఆడంబరం కోసం నేలను పేదరాలిని చేస్తే రాబోయే తరానికి అన్యాయం చేసినట్టేనని ఆ ఏడాదే రాశాడు. పర్యావరణం అనే ఉద్యమమే లేని రోజులవి. కార్బన్ లెక్కలు తెలియకపోయినా, తన సుఖానికి ఎవరు ఖర్చవుతున్నారు అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని అంతదూరం వచ్చాడు.

బేకర్ ఆ బాటలోవారే. రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టకుండా, క్వేకర్లు పెట్టిన ఫ్రెండ్స్ ఆంబులెన్స్ యూనిట్‌తో చైనా వెళ్ళి రోగులకు సేవ చేశారు. తిరుగు ప్రయాణంలో ఓడ కోసం బొంబాయిలో ఆగినప్పుడు గాంధీని కలిశారు. పాత గుడ్డతో చేసిన ఆయన బూట్లు గాంధీ కంటపడ్డాయి. ఇల్లు కట్టే సామాను ఐదు మైళ్ళ లోపల దొరికేదే అయి ఉండాలన్న గాంధీ మాటను బేకర్ జన్మంతా పట్టుకున్నారు. తర్వాత భారత్‌కు తిరిగొచ్చి, హిమాలయాల్లోని పితోరాగఢ్ కొండల్లో డాక్టరైన భార్య ఎలిజబెత్‌తో ఏళ్ళ తరబడి ఉండి, అక్కడి రాతి, మట్టి, కర్ర ఇళ్ళు కట్టేవాళ్ళ దగ్గర పని నేర్చుకున్నారు. 1960ల్లో కేరళ చేరారు.

ఆయన చేసిందేమిటో మేస్త్రీ భాషలో చెబుతాను. ర్యాట్ ట్రాప్ బాండ్ అంటే ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి కట్టడం. తొమ్మిది అంగుళాల గోడే వస్తుంది. ఇటుకలు దాదాపు పాతిక శాతం తక్కువ పడతాయి, ఖాళీలోని గాలి వేడిని ఆపుతుంది. ఫిల్లర్ స్లాబ్ సంగతికొస్తే, స్లాబు అడుగు భాగంలో బరువు లాగుడును ఓర్చేది ఇనుప చువ్వలే, అక్కడి కాంక్రీటుకు పెద్ద పని ఉండదు. పని లేని చోట అదెందుకని చువ్వల మధ్య మంగళూరు పెంకులు పెట్టి పోయించేవారు. కిటికీల బదులు ఇటుక జాలీలు. చెట్టు అడ్డొస్తే గోడ వంపు తిరిగేది. తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఆవరణ చూస్తే ఇవన్నీ ఒకేచోట కనిపిస్తాయి. ఆరాధనలో పని లేనిదంతా తీసేసిన సంప్రదాయంలోంచి వచ్చిన మనిషి, గోడలో పని లేనిదాన్నీ తీసేశారు. ప్లాస్టరింగ్ వద్దనడం డబ్బు మిగలడానికే కాదు, ఇటుక ఇటుకలా కనపడాలి కాబట్టి. ఇటుక కాని గోడకు ఇటుక ముఖం అతికించడం దానికి సరిగ్గా తలకిందులు.

ఇంకో మాట. పూంతురలో మత్స్యకారులకు కట్టినా, డబ్బున్నవాళ్ళకు కట్టినా ఆయన లెక్క ఒకటే. వృథా తగ్గించడం పేదలకు మాత్రమే చెప్పే నీతి కాదన్నది ఆయన పట్టు. మన దగ్గర ‘లో కాస్ట్’ అనగానే అది వేరేవాళ్ళ కోసమనుకుంటాం.

క్వేకర్లను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. 1709లో కోల్‌బ్రూక్‌డేల్‌లో కట్టెబొగ్గు బదులు రాతిబొగ్గు నుంచి చేసిన కోక్‌తో ఇనుము తీసి బొగ్గుయుగానికి తలుపు తెరిచిన అబ్రహాం డార్బీ క్వేకరే. ప్రధానంగా బొగ్గు మోయడానికి 1825లో మొదలైన స్టాక్‌టన్–డార్లింగ్‌టన్ రైల్వే వెనకున్న ఎడ్వర్డ్ పీస్ క్వేకరే. బార్‌క్లేస్, లాయిడ్స్ బ్యాంకుల పునాదులూ వాళ్ళవే. నిరాడంబరంగా బతికి, మిగిలినదాన్ని మళ్ళీ పెట్టుబడి పెడితే ఎక్కడికి పోతుందో వాళ్ళ చరిత్రే చెబుతుంది. అయితే ఆ తప్పు దిద్దుకోవడమూ వాళ్ళు వదల్లేదు. 2011లో కాంటర్‌బరీలో కూడిన బ్రిటన్ క్వేకర్లు తక్కువ కార్బన్ సమాజంగా మారతామని నిర్ణయించారు. 2013లో చమురు, గ్యాస్, బొగ్గు కంపెనీల నుంచి తమ పెట్టుబడి తీసేశారు. ఫిలడెల్ఫియాలో ఒక చిన్న క్వేకర్ బృందం, అమెరికాలోని అపలేచియా ప్రాంతంలో కొండల తలలు పేల్చి బొగ్గు తవ్వే కంపెనీలకు అప్పులిస్తున్న పీఎన్‌సీ బ్యాంకు శాఖల్లోకి వెళ్ళి మౌనంగా ఆరాధనకు కూర్చుంది. ఏళ్ళ తరబడి. 2015లో బ్యాంకు తన విధానం మార్చుకుంది.

మళ్ళీ మన ఇళ్ళ దగ్గరికి. ప్రపంచ కార్బన్ డయాక్సైడులో సుమారు 7–8 శాతం సిమెంటు వల్లే. సున్నపురాయిని కాల్చేటప్పుడు ఇంధనం పొగే కాదు, రాయిలోంచే ఆ వాయువు వస్తుంది. ఆ సున్నపురాయి మన నల్లగొండ, పల్నాడు, కడప నేలదే. బేతంచర్ల బండలు, తాండూరు బండలు దగ్గర్లో పెట్టుకుని ఇటలీ పాలరాయి తెప్పిస్తున్నాం. ఎండాకాలం చల్లగా ఉండే సీమ మట్టిమిద్దెలను పడగొట్టి, 44 డిగ్రీల ఊళ్ళో పడమటి వైపు అద్దాల గోడ పెడుతున్నాం.

పూత లేని ఇటుక వానకు చెమ్మ పడుతుందని ఇంజినీర్లు అంటారు. చూరు ముందుకు దించితే గోడ దాకా వాన రాదు, బేకర్ ఇళ్ళ కప్పులు అందుకే అంత కిందికి దిగుతాయి. ఇటుక బట్టీలు మాత్రం బొగ్గు కాల్చడం లేదా, పొలం పైమట్టి తినడం లేదా అంటారు. ఇది న్యాయమైన ప్రశ్న. బేకర్‌కూ తెలుసు, కాబట్టే కాల్చని మట్టితో కట్టమని అంతగా చెప్పారు. మేస్త్రీలకు రాదనే మూడో అభ్యంతరమే నన్ను బాధపెడుతుంది. రాకపోవడం వాళ్ళ తప్పు కాదు, అడిగినవాళ్ళం లేము.

మన రెండు రాష్ట్రాల్లో ర్యాట్ ట్రాప్ కట్టు చేతిలో ఉన్న మేస్త్రీలు ఎక్కడెక్కడ ఉన్నారో తెలిసినవాళ్ళు ఊరి పేరుతో సహా చెప్పండి. వచ్చే ఎండాకాలం లోపు ఇల్లు మొదలుపెట్టేవాళ్ళకు అందేలా జాబితా చేసి పెడతాను. టైల్స్ అంటించేవాళ్ళ పేర్లు వద్దు.