విశ్రాంత కజుంగుల పంటు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కజుంగుల పంటు గారికి,

ఉభయకుశలోపరి. 2021 మే 10న ఆఫ్రికాలో బోట్స్వానా, జాంబియాల నడుమ జాంబెజీ నది మీద వంతెన ప్రారంభమైనప్పటి నుంచి, కజుంగుల రేవులో బళ్లను నది దాటించే తమకు పని లేకుండా పోయిందని విని, పరామర్శగా ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నర్సాపురం రేవులో సఖినేటిపల్లి పంటు కోసం గట్టున పడిగాపులు పడినవాడిని కనుక తమ ఘనత నాకు కొత్త కాదు.

సముద్రం అంటని జాంబియాకు ఇరుగుపొరుగు దేశాలు ఎనిమిది. డబ్బున్నవాడు రాజధాని లుసాకాలో విమానం దిగుతాడు. ఓపికున్నవాడు టాంజానియా తీరాన దార్ ఎస్ సలామ్‌లో, ఆ రెండు దేశాలనూ కలిపే టజారా రైలెక్కి, 1,860 కిలోమీటర్లు ప్రయాణించి, కపిరి మ్పోషిలో దిగి, రాజధానికి చేరడానికి మళ్లీ బస్సు వెతుక్కుంటాడు. ఓపిక లేనివాడికి దాన్ని నేర్పే బాధ్యత తమరు తీసుకున్నారు. దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవులో సరుకు ఎత్తుకుని బోట్స్వానా మీదుగా వెయ్యికి పైగా కిలోమీటర్లు తోలుకొచ్చిన లారీ డ్రైవరు, సుమారు 400 మీటర్ల నీటిని దాటడానికి రోజుల తరబడి గట్టున బండి ఆపుకొని, మ్బావులా అనే బొగ్గుల కుంపటి మీద మొక్కజొన్న పిండితో న్షీమా వండుకు తినేవాడు. తమరేమో భారీ లారీలను ఒక్కొక్కటిగా, పెళ్లికూతురిని పల్లకీలో సాగనంపినంత నింపాదిగా అవతలి ఒడ్డుకు చేర్చేవారు.

తమకు శత్రువులూ పెద్దవాళ్లే. జాంబియా, బోట్స్వానాలకు అసలు ఉమ్మడి సరిహద్దే లేదని, కనుక తమ రాకపోకలు చట్టవిరుద్ధమని 1970లో దక్షిణాఫ్రికా వాదించింది. 1979లో రొడీషియా (నేటి జింబాబ్వే) సైన్యం వాదనతో పని లేకుండా అక్కడి పంటును ముంచివేసింది. సముద్రం లేని దేశానికి గొంతు ఎక్కడుంటుందో వాళ్లకు బాగా తెలుసు.

ఇక తమ వారసుడి సంగతి. నది నడుమ ఆ ఉమ్మడి సరిహద్దు సుమారు 150 మీటర్లే కావడంతో, నేరుగా కడితే జింబాబ్వే హద్దులో కాలు పడుతుందని, గట్టు తగాదా ఉన్న పొలాన్ని తప్పించి డొంక తిప్పినట్టుగా 923 మీటర్ల వంతెనను వంపు తిప్పి కట్టారు. దాని మీద రైలుకు కూడా చోటు వదిలారు. రైలు మాత్రం ఇంకా రాలేదు.

అది వచ్చేదాకా ఆ ఖాళీ జాగాలో తమకొక కుర్చీ వేయించవలసిందిగా అధికారులకు మనవి చేయదలిచాను. ఎదురుచూపుల వ్యవహారంలో తమకున్న అనుభవం ఇంకెవరికుంది?

ఇట్లు,
తమ విధేయుడు,
గట్టున కూర్చున్నవాడు