చేప పేగుల నుంచి ఒమేగా-3 తీయమంటున్నవారికి

విశాఖలో నేనున్న ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఒకటే సందేశం తిరుగుతోంది. కానాగడత చేపల పేగుల్లోని బ్యాక్టీరియా, చేపనూనెలో ఉండే ఒమేగా-3 అనే కొవ్వును తయారుచేస్తుందట. హార్బరులో పారేసే పేగులు తెచ్చి, బెల్లం నీళ్లలో వేసి మూడు రోజులు ఎండలో పులియబెట్టి, పైన తేలినదాన్ని మరిగించి పిల్లలకు పట్టించాలట. లీటరు ముప్ఫై రూపాయలకే వస్తుందట. పైగా కంపెనీలు మన వంటనూనెల్లో రహస్యంగా బ్యాక్టీరియా నూనె కలుపుతున్నాయని చెబుతూ ఒక ల్యాబు రిపోర్టు ఫొటో జతచేశారు.

ముప్ఫై రూపాయల లెక్కకు జవాబు అక్కర్లేదు.

రిపోర్టులో పదిహేడు కార్బన్ల కొవ్వు ఆమ్లం కనిపించింది కాబట్టి బ్యాక్టీరియా నూనె కల్తీ జరిగిందంటున్నారు. పశువు కడుపులోని సూక్ష్మజీవుల చలవతో అలాంటి బేసి కార్బన్ల ఆమ్లాలు మన నేతిలో ఎప్పటినుంచో ఉన్నాయి. అదీగాక, నూనెను తేలిగ్గా ఆవిరయ్యే మిథైల్ ఎస్టర్లుగా మార్చి, అందులోని కొవ్వు ఆమ్లాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్షకు పంపేటప్పుడు, పరిమాణాలు లెక్కగట్టడం కోసం విశ్లేషకులు తామే ఆ ఆమ్లాన్ని తూచి కలపడం పరిపాటి. ల్యాబువాళ్లు చేతులారా పోసినదాన్ని కుట్రగా పట్టుకుని ఉంటే, ఆ అపరాధ పరిశోధనకు ఏ బిరుదు ఇవ్వాలో తెలియదు.

అసలు ప్రమాదం పులియబెట్టడంలో ఉంది. జపాన్ పరిశోధకులు చేప పేగుల నుంచి ఇపిఎ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాన్ని తయారుచేసే షెవనెల్లా అనే బ్యాక్టీరియాను వేరుచేసిన మాట నిజమే. కానీ ఆ ఇపిఎ కణపు పొరలోని ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వు పదార్థాల్లో ఇమిడి ఉంటుంది. కణాలను వేగంగా తిప్పే సెంట్రిఫ్యూజు యంత్రంలో ముద్దచేసి, ఆరబెట్టి, క్లోరోఫాం, మిథనాల్ మిశ్రమం వంటి ద్రావకాలతో లాగితే తప్ప బయటికి రాదు. పైగా వేడి పెరిగేకొద్దీ ఆ బ్యాక్టీరియాలో ఇపిఎ వాటా తగ్గిపోతుంది, వీళ్లేమో మన ఎండలో పెట్టమంటున్నారు. మరి పైన తేలేదేమిటి? ముక్కిపోయిన చేప కొవ్వు. అంతటితో ఆగితే నవ్వి ఊరుకోవచ్చు. కానీ కానాగడత వంటి చేపల్లో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. వేడికి నిలవ ఉంచితే వేరే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్ అనే పదార్థంగా మారుస్తుంది, అది కడుపులో పడ్డ కాసేపటికే ముఖం ఎర్రబడుతుంది, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ హిస్టమిన్ పోదు. పసివాళ్లకు పట్టించమన్న మహానుభావుడు ముందు తానొక గ్లాసు తాగి ఫలితం గ్రూపులో పెట్టాలి. వద్దులెండి, ఆయన కూడా తాగవద్దు.

ఇంతచేసీ, ఆ సందేశంలో చేపలు ఒమేగా-3ని చాలామటుకు తిండి ద్వారానే పొందుతాయన్న వాక్యాన్ని నేను కొట్టివేయలేను. బ్యాక్టీరియా నుంచి నూనె తీయడం కూడా పగటికల కాదు: రోడోకాకస్ ఒపాకస్ పిడి630 అనే రకం బ్యాక్టీరియా, నత్రజని కొరతలో గ్లూకోనేట్ అనే చక్కెర సంబంధ పదార్థం మీద పెరిగితే, ఎండు బరువులో 76 శాతం దాకా కొవ్వు ఆమ్లాలు కూడబెట్టుకుంటుందని 1996లోనే ప్రచురితమైంది, వాటిలో బేసి కార్బన్లవీ చెప్పుకోదగినంత ఉంటాయి. అయితే అది గాలి, ఆమ్లత్వం, ఉష్ణోగ్రత అదుపులో ఉంచి, ఒకే శుద్ధ జాతిని పెంచినప్పటి సంగతి. చేపలు తిననివారి కోసం అమ్మే డిహెచ్ఎ (మరో ఒమేగా-3 కొవ్వు ఆమ్లం) గుళికల్లోని నూనె షైజోకైట్రియం వంటి సూక్ష్మజీవులది, అవి బ్యాక్టీరియా కావు. మంచులో ఉంచిన తాజా కానాగడతలతో పులుసు పెట్టుకునేవారికి ఆ గుళికల అవసరమూ అంతగా లేదు.