తీర్మానాల పుస్తకం గారికి ఒక మనవి

గ్రామ పంచాయతీ కార్యాలయంలోని ఇనుప బీరువాలో నివసించే తీర్మానాల పుస్తకం గారికి నమస్కరించి రాయునది.

మన ఊళ్లో గట్టు తగాదాల వల్ల అన్నదమ్ములే పలకరించుకోరు. వినాయకుణ్ణి ఏ వీధిలో నిలపాలన్నా పోలీసులు రావాలి. మీలో మాత్రం ఏ పేజీ తిప్పినా ‘సభ్యులందరూ సుదీర్ఘంగా చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అనే ఉంటుంది. ఇంత ఐకమత్యం ఊళ్లో ఉందని మీరు చెబితే తప్ప మాకు తెలియదు.

మొన్నటి సీసీ రోడ్డు సంగతే చూడండి. ఏ వాడలో వేయాలో మండల కేంద్రంలో ఎవరో పెద్దమనిషి ఇంటి వరండాలో తేలింది. ఎవరు వేయాలో అంతకంటే ముందే తేలింది. కంకర దిగింది, సిమెంటు ఆరింది, దాని మీద గేదెలు కూడా నడిచాయి. ఆ తర్వాత ఒక సాయంత్రం మీరు పంచాయతీ గుమాస్తా కారోబార్ చంకనెక్కి, ఆ రోడ్డు అవసరమా కాదా అని చర్చించడానికి ఇంటింటికీ బయలుదేరారు. అప్పగింతలయ్యాక పెళ్లిచూపులన్నమాట. మా పక్కింటి అవ్వ వేలిముద్ర వేస్తూ “పింఛనుదా నాయనా?” అని అడిగింది. “అలాంటిదేలే అవ్వా” అన్నాడాయన. ఆ విధంగా అవ్వ గ్రామసభకు హాజరై, రోడ్డును బలపరిచింది.

రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలని తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో చెప్పింది. మీ లెక్కలో ఒక్కటీ తప్పలేదు, సభ చెల్లడానికి కావలసిన కనీస హాజరు (కోరం) ఏనాడూ తగ్గలేదు. జోరువానకు ఊరంతా తలుపులు బిగించుకున్న రోజున కూడా సభ నిండుగా జరిగిందని మీలో చదివి పులకించాను. మరో రోజు సభకు ‘సర్పంచ్ గారి అధ్యక్షతన’ అని రాసి ఉంది. ఆ వేళ సర్పంచ్ గారు పొలంలో నాట్లు వేస్తున్నారు. కుర్చీలో ఉన్నది ఆమె భర్త. మహిళలకు సగం స్థానాలు ఇచ్చింది చట్టమే గాని, కుర్చీ ఎవరిదో ఇంట్లోనే తీర్మానమవుతుంది. ఆ తీర్మానానికి మీలో పేజీ లేదు.

చెక్కు మీద సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరూ సంతకం పెట్టాలన్నది కూడా ఆ చట్టమే. ఒకరిపై ఒకరికి నిఘా ఉంటుందని కాబోలు. ఇద్దరికీ పడనప్పుడు ఊళ్లో బల్బులు మారవు, పడినప్పుడు లెక్కలు తెలియవు.

2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు తీరి వాటి స్థానంలో ప్రత్యేకాధికారులు వచ్చినప్పుడు మీకు కొంత విశ్రాంతి దొరికి ఉంటుంది. ప్రతిపాదించడానికి, బలపరచడానికి, ఆమోదించడానికి ఒక్కరే. మీ చరిత్రలో నిజమైన ఏకగ్రీవం అదే.

రాజ్యాంగం పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన అంశాలు 29 ఉన్నాయి. పశుపోషణ, చేపల పెంపకం, చివరికి గ్రంథాలయాలు కూడా. మీరు నిండా మురుగు కాలువలే రాసుకున్నారు. ఇందులో తప్పంతా మీదని అనను. 2021-26 మధ్య కేంద్రం నుంచి వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని పైనుంచే ముడివేసి పంపారు. మిగిలిన 40 శాతం మీద ఊరివాళ్లు నోరు తెరిచేలోపు కరెంటు బిల్లు, ట్రాక్టరు కిస్తీ వచ్చి కూర్చునేవి. పశువుల డాక్టరు కావాలని ఒక రైతు సభలో లేచి అడిగాడు. నిజంగా జరిగిన సభ అది, నేనూ ఉన్నాను. మర్నాడు చూస్తే ‘పారిశుద్ధ్యంపై సభ్యులు ఆసక్తి కనబరిచారు’ అని మీలో ఉంది. ఆయన మాట మధ్యలో పేడ అన్నాడు, అదే కాబోలు.

నా మనవి చిన్నది. ‘ఏకగ్రీవంగా’ అన్న మాట పక్కన ఒక్క గీత ఖాళీ వదలండి. ఎనిమిదో వార్డు సభ్యురాలు ఆ రోడ్డు మా వాడకు రాకుండా మలుపు ఎందుకు తిరిగిందని అడిగింది. సమాధానం రాయకపోయినా ఫరవాలేదు, అడిగిందని రాయండి చాలు.

ఇట్లు,
మీ గ్రామస్థుడు.
(సంతకం చేయడం లేదు. వచ్చే నెల సభ హాజరులో నాది మీ దగ్గర ఇప్పటికే ఉంది.)