షికాగో కుర్రాళ్లు ఎవరి సంగీతాన్నీ దొంగిలించలేదు

ఏడాదికోసారైనా ఈ పోస్టు ఫోన్లో కనిపిస్తుంది. ఈసారి మా బంధువుల గ్రూపులో మా బావ పెట్టాడు. అందులో ఉన్నది ఇదీ: యాసిడ్ హౌస్ అనే క్లబ్బు డాన్సు సంగీతాన్ని కనిపెట్టింది అమెరికా వాళ్లు కాదు, 1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ కనిపెట్టాడు. ఐదేళ్ల తర్వాత షికాగోలో ట్రాక్స్ రికార్డ్స్ అనే కంపెనీ దాన్ని కాపీ కొట్టి కోట్లు గడించింది. మనవాడు కాబట్టి తొక్కేశారు.

చరణ్‌జిత్ సింగ్ రికార్డూ, ట్రాక్స్ రికార్డులూ నేను ఏళ్లుగా వింటున్నాను. రెండూ నాకు ప్రాణం. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలనిపించింది.

ముందు అందులో ఉన్న నిజం. చరణ్‌జిత్ సింగ్ బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో పేరున్న వాయిద్యకారుడు. ఆర్.డి. బర్మన్ లాంటి వాళ్ల పాటలకు వాయించాడు. హిందీ సినిమాల్లో డిస్కో జోరుగా ఉన్న ఆ రోజుల్లో ఆయనకు ఒక ఆలోచన వచ్చింది: తబలా తీసేసి, రాగాలకు డిస్కో దరువు వేస్తే ఎలా ఉంటుంది? రోలాండ్ కంపెనీవి మూడు యంత్రాలు, జూపిటర్-8 సింథసైజర్, టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303 బేస్ యంత్రం, ఒకదానితో ఒకటి జత చేసి పది రాగాలు రికార్డు చేశాడు. అందులో భూపాలి అంటే మన మోహన. మాల్కౌన్స్ అంటే మన హిందోళం. మా నాన్నకు ఏమీ చెప్పకుండా మాల్కౌన్స్ వినిపిస్తే, అర నిమిషంలో "హిందోళం కదరా, ఈ డప్పేంటి?" అన్నారు.

ఇంతవరకూ పోస్టుతో నాకు పేచీ లేదు. ఇక "కనిపెట్టాడు" అన్న మాట దగ్గరికి వద్దాం.

ఈ మాటకు ఆధారమల్లా ఆ టీబీ-303. పక్కన బేస్ గిటార్ వాయించేవాడు లేని కళాకారుడికి తోడుగా ఉంటుందని జపాన్‌లో రోలాండ్ చేసిన చిన్న వెండిరంగు పెట్టె అది. బేస్ గిటార్‌లా అస్సలు మోగదు. అమ్ముడుపోక 1984 కల్లా తయారీ ఆపేశారు. 1982లో దాన్ని వాడింది ఒక్క చరణ్‌జిత్ సింగే కాదు. ఇంగ్లండులో హెవెన్ 17 అనే బృందం అదే ఏడాది పాటలో వాడింది. యంత్రాన్ని ముందు వాడినవాడే ఆ సంగీతాన్ని కనిపెట్టినట్టయితే, హార్మోనియం ముందు ముట్టుకున్నవాడే మన నాటక పద్యాలన్నీ కట్టాడని చెప్పాలి.

అసలు తేడా చెవికి తెలుస్తుంది. చరణ్‌జిత్ సింగ్ రికార్డులో రాజు రాగమే. పైన జూపిటర్ మీద ఆయన వేళ్లు ఆలాపన చేస్తుంటే, కింద 303 ఆ రాగస్వరాల మీదే పరుగెడుతుంది. ఆ పెట్టెకు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే గుణం ఉంది. మన చెవికి అది గమకంలా తగులుతుంది. ఆ యంత్రంలో రాగానికి పనికొచ్చే ఆ ఒక్క గుణాన్ని ఆయన పట్టుకున్నాడు. అది ఆయన గొప్పతనం.

షికాగోలో జరిగింది వేరు. స్పాంకీ అనే కుర్రాడు ఒక పాత 303 కొన్నాడు. దాన్ని సరిగ్గా ఎలా ప్రోగ్రామ్ చేయాలో తెలియదు. డ్రమ్ మెషీన్‌తో కలిపి తిరగనిస్తుంటే, స్నేహితుడు డీజే పియర్ వచ్చి దాని మీదున్న నాబ్‌లు తిప్పడం మొదలెట్టాడు. స్వరాలు మారవు. అవే కొన్ని స్వరాలు నిమిషాల తరబడి తిరుగుతుంటాయి. మారేది శబ్దం రంగు. నాబ్ కొద్దిగా తిప్పితే నీళ్లలో మునిగినట్టు, ఇంకొంచెం తిప్పితే చెవిలో కీచుమన్నట్టు. తిప్పే చెయ్యే అక్కడ వాయిద్యం. రాగం లేదు, ఆలాపన లేదు. యాసిడ్ హౌస్ అంటే ఆ చెయ్యి. హెర్బ్ జే కూడా కలిసి ముగ్గురూ ఫ్యూచర్ అనే పేరుతో చేసిన ఆ టేపు దాదాపు పన్నెండు నిమిషాలు. దాన్ని మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో రాన్ హార్డీ అనే డీజేకి ఇచ్చారు. మొదటిసారి వేస్తే జనం ఫ్లోర్ వదిలేసి వెళ్లిపోయారట. ఆయన అదే రాత్రి మళ్లీ వేశాడు, మళ్లీ వేశాడు. నాలుగోసారికి జనానికి పిచ్చెక్కింది. ఆ ట్రాక్ పేరేమిటో తెలియక జనం రాన్ హార్డీ యాసిడ్ ట్రాక్ అని పిలిచారు. 1987లో ట్రాక్స్ మీద రికార్డుగా వచ్చేటప్పటికి "యాసిడ్ ట్రాక్స్" అన్న పేరు స్థిరపడింది. ఆ సంగీతానికి పేరు పెట్టింది ఆ డాన్స్ ఫ్లోర్.

"కాపీ కొట్టారు" అన్నదానికి రుజువేది? చరణ్‌జిత్ సింగ్ రికార్డు ఇండియాలో గ్రామఫోన్ కంపెనీ వేసింది, ఇక్కడే సరిగ్గా అమ్ముడుపోలేదు. షికాగో నల్లజాతి కుర్రాళ్లకు అది ఏ దారిన చేరుతుంది? పైగా వాళ్ల దారి వాళ్లకుంది. 1979 జూలై 12న షికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో మీద కోపంతో రికార్డుల గుట్ట పేల్చేశారు. ఆ రోజు అక్కడ జనాన్ని సీట్లలో కూర్చోబెట్టే పనిలో విన్స్ లారెన్స్ అనే పదిహేనేళ్ల నల్లజాతి అబ్బాయి ఉన్నాడు. సింథసైజర్ కొనుక్కుందామని డబ్బు కూడబెట్టుకుంటున్నాడు. జనం తెచ్చి విసిరిన వాటిలో డిస్కో కానివి, కేవలం నల్లవాళ్లవైన రికార్డులు కూడా ఉన్నాయని ఆయన తర్వాత చెప్పాడు. 1984లో ట్రాక్స్ మొదలైనప్పుడు అక్కడున్న వాళ్లలో ఆ అబ్బాయి ఒకడు. కాల్చేసిన డిస్కోను కొత్త యంత్రాలతో మళ్లీ బతికించిన మనుషులు వీళ్లు. చరణ్‌జిత్ సింగ్ కూడా యాసిడ్ హౌస్ అన్న మాటే వినలేదని చెప్పాడు. ఇటు ఆయనకు వాళ్లు తెలియదు, అటు వాళ్లకు ఆయన తెలియదు.

"తొక్కేశారు" అనడమూ తప్పే. ఆ రికార్డును ఎడో బౌమన్ అనే డచ్ రికార్డుల సేకరణకర్త ఢిల్లీలో సంపాదించి 2010లో మళ్లీ విడుదల చేశాడు. అప్పుడు కొందరు ఇది 1982 నాటిది కాదు, ఎవరో చేసిన బూటకం అన్నారు. ఆ అనుమానం చరణ్‌జిత్ సింగ్‌కు జరిగిన అన్యాయమే, ఒప్పుకుంటాను. కానీ దాని తర్వాత ఆయన యూరప్ వేదికల మీద మళ్లీ ఆ యంత్రాలతో వాయించాడు. 2015లో పోయేలోపు ఆ చప్పట్లు విన్నాడు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది "కోట్లు గడించారు" అన్న మాట.

అప్పట్లో ట్రాక్స్ యజమాని లారీ షెర్మన్. ఆయన బలమంతా ఆయన చేతిలో ఉన్న రికార్డులు అచ్చేసే ఫ్యాక్టరీ. ఈ రోజు టేపు తెస్తే కొద్ది రోజుల్లో రికార్డు చేతికొచ్చేది. టీనేజి కుర్రాళ్లకు అంతకన్నా ఏం కావాలి? ఆ ప్లాస్టిక్ మాత్రం పాత రికార్డులను కరిగించి తీసిందని, మధ్యనున్న కాగితం లేబుల్ ముక్కలు కూడా అందులో కలిసిపోయేవని చెబుతారు. ఆనాటి ట్రాక్స్ రికార్డు కాపీ ఒకటి విన్నాను. సూది పెట్టగానే పాట కంటే ముందు వేపుడు మూకుడులా చిటపట. ఆ చిటపట కిందే ఫ్రాంకీ నకుల్స్, పోస్టాఫీసులో ఉద్యోగం చేస్తూ పాటలు కట్టిన మార్షల్ జెఫర్సన్, లారీ హెర్డ్ లాంటి సంగీతకారులు ప్రపంచానికి చేరారు.

మరి డబ్బు? రాయల్టీలు ఇవ్వలేదని, హక్కులు లాగేసుకున్నారని కళాకారులు దశాబ్దాలుగా మొత్తుకుంటూనే ఉన్నారు. 2020లో లారీ హెర్డ్, గాయకుడు రాబర్ట్ ఓవెన్స్ ట్రాక్స్ మీద కోర్టుకెళ్లారు. 2022లో రాజీ కుదిరి తమ పాటల హక్కులు తిరిగి తెచ్చుకున్నారు. అదే ఏడాది మార్షల్ జెఫర్సన్, అడోనిస్ సహా ఇంకో డజనుకు పైగా కళాకారులు మరో దావా వేశారు.

ఆ పోస్టు దొంగలంటున్నది వీళ్లనే. రికార్డు మీద తమ పేరుండి కూడా ముప్పై ఏళ్లు తమ పాట తమది కాకుండా పోయినవాళ్లను. మా బావకు ఇదంతా రాసి పంపాను, కింద హిందోళం ఒకటి, షికాగో టేపు ఒకటి పెట్టి, రెండూ హెడ్‌ఫోన్స్‌తో వినమన్నాను.