పడుకునే బండికి ఫోర్ బై ఫోర్ ఎందుకు?

బెంగళూరులో మనవాళ్లు నలుగురు చేరి క్యాంపర్ వ్యాన్ మాటెత్తితే చాలు, అందులో ఒకడు "ఫోర్ బై ఫోర్ లేకపోతే ఇంక అడ్వెంచర్ ఏముంది బ్రో" అనేస్తాడు. మొన్న మా ఆఫీసులో ఒక తమ్ముడు ఇదే పట్టుకున్నాడు. కడప కుర్రాడు, మహదేవపురలో కాపురం, నాలుగేళ్ల పాప. వ్యాన్ కొని లోపల మంచం, పొయ్యి పెట్టించుకోవాలా, లేక ఫోర్స్ కంపెనీ ఫోర్ బై ఫోర్ జీపు గూర్ఖా కొని నెత్తిన టెంటు వేయించుకోవాలా అని నిద్రపట్టక కొట్టుకుంటున్నాడు. "అన్నా, నువ్వే చెప్పు" అన్నాడు. చెప్పాను. నచ్చలేదు. క్యాంటీన్‌లో సగం సగం చెప్పినదాన్ని ఇక్కడ పూర్తిగా చెబుతున్నా.

ఫోర్ బై ఫోర్ అంటే ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పే బండి. బెంగళూరు నుంచి బయలుదేరి దక్షిణాది తిరిగే క్యాంపర్‌కి అది అక్కర్లేదు. ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పుతుందా లేదా అని అందరూ అడుగుతారు. తిప్పేది ముందు రెండింటినా వెనక రెండింటినా, వాటి మీద బరువు ఎంత పడుతోంది, టైరు ఏ రకం అని ఒక్కడూ అడగడు. బండి కదులుతుందా లేదా అన్నది సగానికి పైగా అక్కడే తేలిపోతుంది.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. అమెరికా, ఆస్ట్రేలియా వీడియోలు. వాళ్లకు అది అవసరమే. ఆస్ట్రేలియాలో కానింగ్ స్టాక్ రూట్ అని ఒకటుంది, దాదాపు 1,850 కిలోమీటర్లు, ఇసుక దిబ్బల మీదుగా. అమెరికాలో ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల పద్నాలుగు రోజుల దాకా ఊరికే బండి పెట్టుకుని ఉండొచ్చు, మట్టిదారిలో ఎంత లోపలికి పోతే అంత ఏకాంతం. మన దగ్గర అలా లోపలికి పోతే ఎదురయ్యేది ఫారెస్ట్ గార్డు. బండీపుర అడవిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా కొన్ని బస్సులూ అంబులెన్సులూ తప్ప రోడ్డు మీద బళ్లే పోనివ్వరు, 2009 నుంచీ ఇదే. శ్రీశైలం పోవాలంటే దోర్నాల గేటు రాత్రికి మూసేస్తారు. ఇక అడవిలో మంచం వేసుకుని పడుకోవడం ఎక్కడిది?

మన క్యాంపర్ రాత్రుళ్లు గడిచేది పెట్రోల్ బంకు వెనక, ధాబా ముందు, హోమ్‌స్టే వాకిట్లో, మంత్రాలయంలో సత్రం పార్కింగ్‌లో. అన్నీ తారో, సిమెంటో, గట్టి నేలో. పోనీ, నిజంగా జీపు దారులున్న చోట్ల సంగతి? మడికేరి దగ్గర మాందల్‌పట్టికి, కొడచాద్రికి, సూర్యనెల్లి నుంచి కొలుక్కుమలైకి లోకల్ జీపులే తిరుగుతుంటాయి. ఆ డ్రైవర్లకు ప్రతి రాయీ తెలుసు. పాలగిన్నె, పాప బొమ్మలు, నూరు లీటర్ల నీళ్లు మోస్తున్న ఇంటిని ఆ రాళ్ల మీదికి ఎక్కించడం ఎందుకు? వ్యాన్ కింద పెట్టి జీపు ఎక్కండి. నడుము మిగులుతుంది, ఆ ఊరివాడికి నాలుగు డబ్బులొస్తాయి.

ఇప్పుడు చక్రాల సంగతి. ఫోర్స్ ట్రావెలర్, అర్బేనియా వెనక చక్రాలతో నడిచే బళ్లు. టాటా వింగర్ ముందు చక్రాలతో. క్యాంపర్‌గా మారిస్తే ఈ తేడా చాలా పెద్దది. మంచం, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు అన్నీ వెనకే కూర్చుంటాయి కదా. వెనక చక్రాల బండికి ఆ బరువంతా తిరిగే చక్రాల మీదే పడి పట్టు పెరుగుతుంది. ముందు చక్రాల బండికి సరిగ్గా తిరగబడుతుంది. తడి మట్టి ఎత్తు ఎక్కేటప్పుడు బరువు ఇంకా వెనక్కి జారుతుంది, ముందు భాగం తేలికై చక్రాలు అక్కడికక్కడే గిరగిరా తిరుగుతాయి. వింగర్‌ని తీసిపారేయమని కాదు. దాని ఫ్లోరు కిందికి ఉంటుంది, లోపల నిలబడి వంట చేసుకోవడానికి అదే సుఖం. అలాంటి బండి ఎత్తు ఎక్కకపోతే తిప్పి రివర్సులో ఎక్కించి చూడండి, చాలాసార్లు ఎక్కేస్తుంది. బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది కాబట్టి.

ఇంకో మాట. నీళ్ల ట్యాంకుని వెనక బంపర్ పక్కన పెట్టిస్తారు కొందరు, పైపు దగ్గరవుతుందని. లీటరు నీళ్లు కిలో బరువు. వెనక చక్రాల అవతల నూరు కిలోలు వేలాడదీస్తే ముందు స్టీరింగ్ తేలిపోతుంది, మిట్ట దిగినప్పుడు బంపర్ నేలకు గీసుకుంటుంది. ట్యాంకు ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యకి రావాలి. పని చేసే మేస్త్రీకి ఇది మనమే చెప్పాలి, వాళ్లకు కప్‌బోర్డుల డిజైన్ మీద ఉన్న ధ్యాస దీని మీద ఉండదు.

గొరూరు డ్యామ్ వెనక శెట్టిహళ్లి చర్చి చాలామంది చూసే ఉంటారు. ఫ్రెంచి మిషనరీలు 1860ల్లో కట్టింది, హేమావతి నీళ్లలో ఏడాదిలో సగం రోజులు మునిగి ఉంటుంది. వేసవిలో నీళ్లు వెనక్కి పోతే చెరువు గర్భంలాంటి ఆ నేల మీదికి జనం బళ్లు దింపుతారు. పైన పచ్చగా గరిక, నడిస్తే గట్టిగానే ఉంటుంది. మేము గట్టున మా వ్యాన్ పెట్టి టీ కాచుకుంటుంటే ఒక పెద్ద ఎస్‌యూవీ, అసలు సిసలు ఫోర్ బై ఫోర్, నీటి అంచున ఫొటో కోసం సర్రున దిగింది. అంచుకి ఇంకా ఎంతో దూరం ఉండగానే వేగం తగ్గింది. డ్రైవరు లీవరు మార్చాడు, ఇంజిన్ అరిచింది, నాలుగు చక్రాలూ ఒక్కసారిగా నల్లటి బురద చిమ్మాయి. పైన రెండంగుళాల పెంకు ఎండింది, దాని కింద అంతా పచ్చి బంకమట్టి. హైవే టైర్లు కదా, గాళ్ల నిండా మట్టి నిండి బోడిగుండులా నున్నగా అయిపోయాయి. ఆ తర్వాత బండి పొట్ట నేలకు ఆనింది. పొట్ట ఆనాక బరువు చక్రాల మీద ఉండదు, ఇక ఎన్ని తిరిగితే ఏం లాభం?

చీకటి పడే వేళకి పక్క ఊరి నుంచి ట్రాక్టరు వచ్చింది. ఆయన దిగి చూసి, "యాక్ సార్ ఒళగె హోద్రి" (ఎందుకు సార్ లోపలికి పోయారు) అని కన్నడంలో ఒకే ఒక్క మాట అడిగాడు. సమాధానం కోసం ఆగలేదు కూడా. గట్టి నేల మీదే ట్రాక్టరు నిలిపి, పొడవాటి తాడు వేసి, మెల్లగా క్లచ్ వదిలాడు. బండి చప్పుడు చేస్తూ బయటికొచ్చింది. ఆ ట్రాక్టరుకి తిరిగేవి వెనక రెండు చక్రాలే. మనిషి నడుమెత్తు టైర్లు, చెయ్యి పట్టేంత లోతు పళ్లు, మంచి బరువు, ఎక్కడ నిలబడాలో తెలిసిన మనిషి. రెండు వేలు తీసుకుని వెళ్లిపోయాడు.

మాది కోయిలకుంట్ల వైపు. నల్లరేగడి మీద ఒక్క వాన పడితే ఏమవుతుందో ఆ పక్కవాళ్లకు చెప్పనక్కర్లేదు. మట్టి చక్రానికి చుట్టుకుని, మడ్‌గార్డులో ఇరుక్కుని, చివరికి చక్రమే తిరగదు. అక్కడ ఫోర్ బై ఫోర్ అయినా, రెండు చక్రాలే తిప్పే ఫోర్ బై టూ అయినా పొలం గట్టున ఆగి నడవాల్సిందే.

ఘాట్ రోడ్డుకి కావాలి కదా అంటారు. వాల్పారైకి నలభై హెయిర్‌పిన్‌లు, కొల్లి హిల్స్‌కి డెబ్భై. అంతా తారు. థార్, జిమ్నీ, గూర్ఖా లాంటి వాటిలో ఉండేది కావాలన్నప్పుడు వేసుకునే రకం. ఎండిన తారు మీద దాన్ని వేసి మలుపు తిప్పితే ముందు చక్రాలు ఒక దూరం, వెనక చక్రాలు ఇంకో దూరం తిరగాలి, మధ్యలో వీలుండదు, స్టీరింగ్ బిగుసుకుంటుంది, లోపల గేర్లు నలుగుతాయి. ఘాట్ ఎక్కేటప్పుడు ధైర్యంగా ఉంటుందని లీవరు వేసుకునేవాళ్లను నేను చూశాను. వద్దు నాయనా. బ్రేకులు ఎలాగూ ప్రతి బండికీ నాలుగు చక్రాలకూ ఉంటాయి, ఫోర్ బై ఫోర్ అయినంత మాత్రాన దిగేటప్పుడు బండి ఇంకా త్వరగా ఏమీ ఆగదు. బండిని బాగా మెల్లగా, ఎక్కువ బలంతో నడిపే లో రేంజ్ గేరు వేరే సంగతి. నిట్టనిలువు మట్టి దిగుడులో అది బంగారం, ఒప్పుకుంటా.

"మరి స్పితి?" అని మా తమ్ముడు కూడా అడిగాడు. హిమాచల్‌లో మనాలి నుంచి స్పితి లోయలోని కాజాకి పోయే దారిలో గ్రాంఫూ దాటితే బాతల్ దాకా రోడ్డా వాగా అని అనుమానం వస్తుంది. కుంజుమ్ కనుమ నాలుగున్నర వేల మీటర్లు. ఆ దారిలోనే సీజన్‌లో హిమాచల్ ప్రభుత్వ బస్సు నడుస్తుంది, టెంపో ట్రావెలర్లు నడుస్తాయి. అన్నీ వెనక చక్రాలవే. వాళ్ల కిటుకు ఒకటే, పొద్దున్నే దాటేస్తారు. ఎండ ఎక్కితే మంచు కరిగి మధ్యాహ్నానికి వాగు పొంగుతుంది. నీళ్లలో దిగినప్పుడు చూడాల్సింది ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టం ఎంత ఎత్తులో ఉందన్నది. గూర్ఖాకి 700 మిల్లీమీటర్ల నీళ్లు దాటగలదని కంపెనీ చెబుతుందంటే దానికి కారణం ఆ పక్కన నిలబడ్డ స్నోర్కెల్, అంటే పైకి ఎత్తిన గాలి గొట్టం.

మంచు పడ్డాక మాత్రం నా వాదన పనిచేయదు. చలికాలంలో మంచు కురిస్తే మనాలి పోలీసులు సోలంగ్, అటల్ టన్నెల్ వైపు ఫోర్ బై ఫోర్‌నో, చెయిన్లు కట్టిన బండినో తప్ప వదలరు. అరుణాచల్‌లో వానాకాలం మట్టిదారి కూడా అలాంటిదే. జనవరిలో లాహౌల్, జూన్‌లో మెచుకా అని రాసిపెట్టుకున్నవాడు నిరభ్యంతరంగా ఫోర్ బై ఫోర్ కొనుక్కోవాలి. కానీ ఏడాదికోసారి కూడా వెళ్లని చోటు కోసం రోజూ మారతహళ్లి సిగ్నల్‌లో ముందు చక్రాలు తిప్పడానికి పెట్టిన ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు షాఫ్టు, ముందు డిఫరెన్షియల్ బరువంతా మోస్తూ డీజిల్ తగలేయడం ఏం లెక్క? అక్కడికి విమానంలో వెళ్లి లోకల్ బండి మాట్లాడుకోండి.

క్యాంపర్ నిజంగా ఎక్కడ ఇరుక్కుంటుందో చెప్పనా? రాత్రి పొడి గడ్డి మీద పెట్టి పడుకుంటాం. రెండింటికి వాన. పొద్దున లేచేసరికి నాలుగు చక్రాలూ అంగుళం దిగి ఉంటాయి, రోడ్డు పది అడుగుల దూరంలో కనిపిస్తూ ఉంటుంది. కారువాడికి ఈ బాధ లేదు, వాన మొదలవగానే పోతాడు. మనం నిద్రలో ఉంటాం. ఆ పది అడుగులకు ఫోర్ బై ఫోర్ పనికొస్తుంది, నిజమే. కానీ సాయంత్రమే బండిని రోడ్డు వైపు ముఖం పెట్టి, వాలు కిందికి ఉండేలా, రాళ్లున్న చోట నిలిపితే ఆ అవసరమే రాదు. పార, మంచి తాడు, బిగించే షాకిల్, చిన్న ఎయిర్ కంప్రెసర్, చక్రం కిందికి తోసే ప్లాస్టిక్ ట్రాక్షన్ బోర్డులు, ఇవన్నీ కలిపినా ఫోర్ బై ఫోర్‌కి అదనంగా పెట్టే డబ్బులో ఒక మూలకు రావు. ఇంకా భయముంటే వెనక డిఫరెన్షియల్ లాక్ అయ్యే బండి చూడండి. మామూలు డిఫరెన్షియల్ పట్టు లేని చక్రానికే తిరుగుడంతా ఇచ్చేస్తుంది, లాక్ పడితే రెండూ కలిసి తోస్తాయి. బొలేరో నియోలో ఒక వేరియంట్‌కి ఆ లాక్ ఉంది, ఆ బండి కూడా వెనక రెండు చక్రాలతో నడిచేదే.

గూర్ఖా నెత్తిన టెంటు అన్నాడే, దాని గురించి ఒక్క మాట. అర్ధరాత్రి నాలుగేళ్ల పాప "నాన్నా, సుస్సు" అంటుంది. బయట వాన. ఇనుప నిచ్చెన. ఇంకేం చెప్పను.

ఇంకో తలనొప్పి కూడా చూసుకోవాలి. బండి ఒంటికి చేసే మార్పులు ఆర్‌సీలో ఎక్కాలి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకీ అయిదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. "అన్నా, అందరూ చేయిస్తున్నారు" అనే మేస్త్రీ చెక్‌పోస్టు దగ్గర మన పక్కన నిలబడడు. అలాగే మీ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ఎత్తు టేపు పెట్టి కొలవండి. ట్రావెలర్ కొని వీధిలో పెట్టుకుని పొరుగువాళ్లతో తగాదా పడుతున్నవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు.

తమ్ముడు ఈ శనివారం బిడది వైపు ఒక సెకండ్ హ్యాండ్ ట్రావెలర్ చూడ్డానికి వెళ్తున్నాడు. ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడనుకోండి. టైర్ల పక్కన అచ్చుపోసిన నాలుగంకెలు చూడమన్నాను, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ట్రెడ్ ఎంత మిగిలినా తయారై ఆరేళ్లు దాటి ఉంటే, కొత్త సెట్ ధర బేరంలోంచి తగ్గించాకే ఓనరుతో మిగతా మాట.